తొలిసారి జపాన్ వెళ్లేవారికి: విమానం ఎక్కకముందే తేల్చుకోవలసిన సంగతులు

బెంగళూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసిన పాఠం.

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవారికి వినబడుతోందా? సరే. ముందు ఒక్క ప్రశ్న, చేతులెత్తండి. ఈ ఏడాది గాని వచ్చే ఏడాది గాని జపాన్ వెళ్లాలనుకుంటున్నవారు ఎందరు? చాలామందే ఉన్నారు. అందులో అరవై దాటినవారు? అదీ తక్కువేమీ కాదు. పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉంటే చూడడానికి వెళ్లేవారు కొందరు, పర్యటనకు వెళ్లేవారు కొందరు. విదేశానికి ఇదే మొదటిసారి అన్నవారిని దృష్టిలో పెట్టుకుని మాట్లాడతాను. తిరిగి వచ్చినవారు మధ్యలో సరిదిద్దండి, తప్పులేదు.

జపాన్ అనగానే అందరూ మొదట అడిగేది భాష గురించే. మాట రాదు కదా, ఎలాగ అని. భాష గురించి అంత బెంగ పెట్టుకోకండి. స్టేషన్లలో బోర్డులు ఇంగ్లీషులో కూడా ఉంటాయి. ఫోను కెమెరా పెడితే అక్షరాలను అనువదించి చూపిస్తుంది. దారి అడిగితే చేస్తున్న పని ఆపి మన వెంట నడిచి చూపించే మనుషులు ఉన్నారు. మనవాళ్లు నిజంగా ఇబ్బంది పడేది మూడు చోట్ల. మందుల దగ్గర, తిండి దగ్గర, సామాను దగ్గర. ఈ మూడూ అక్కడ దిగాక సర్దుకుందాం అంటే సర్దుకునేవి కావు. ఇక్కడే, బెంగళూరులోనే, మన ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసినవి. నా బాధంతా అదే. పెట్టెలు సర్దడానికి నెల రోజులు పెట్టుకుంటాం, ఈ మూడింటికీ ఒక్క సాయంత్రం కేటాయించం.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1898లోనే జపాన్ వెళ్లి వచ్చారు. ఆ మోక్షగుండం మన ప్రకాశం వైపు ఊరేనని మీకు తెలుసు కదా? ఆ రోజుల్లో అది ఓడ ప్రయాణం. ఇప్పుడు మన ఊరి నుంచి టోక్యో దగ్గరి నరిటా విమానాశ్రయానికి నేరుగా విమానం ఉంది. దిగాక గడియారం మూడున్నర గంటలు ముందుకు తిప్పుకుంటే చాలు. ఇంత దగ్గరైన దేశానికి ఏర్పాటు లేకుండా వెళ్లి, వారం రోజులు రొట్టె తిని, కాళ్లు వాచి తిరిగి రావడం ఎందుకు?

వీసా సంగతి త్వరగా చెప్పేస్తాను. మనకు వీసా తప్పనిసరి. దరఖాస్తు వీసా కేంద్రం ద్వారానే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి పర్యాటకులకు ఇ-వీసా ఇస్తున్నారు. అంటే పాస్‌పోర్టులో అంటించే కాగితం ఉండదు. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ వీసాను విమానాశ్రయంలో మీ ఫోనులో, ఇంటర్నెట్ ఉండగా, అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. ప్రింటు తీసిన కాగితం చెల్లదు, ఫొటో చెల్లదు, పీడీఎఫ్ చెల్లదు. పెద్దవాళ్లు ఇద్దరే వెళుతుంటే ఆ పేజీ ఎలా తెరవాలో ఇంట్లో రెండు మూడుసార్లు చేయించండి. పిల్లలూ, ఇది మీ బాధ్యత. ‘నేను పంపాను కదా నాన్నా’ అంటే సరిపోదు. నాన్నగారి ఫోనులో, నాన్నగారి వేలితో తెరుచుకోవాలి. అలాగే విజిట్ జపాన్ వెబ్ అని ప్రభుత్వ సైటు ఉంది. వలస తనిఖీకి, కస్టమ్స్‌కు కావలసిన వివరాలు అందులో ముందే నింపితే క్యూఆర్ కోడ్ వస్తుంది, దిగాక పత్రాలు రాసే పని తప్పుతుంది. మరొకటి, వీసా ఒకసారి తిరస్కరిస్తే అదే పనిమీద ఆరు నెలల దాకా మళ్లీ దరఖాస్తు చేయడం కుదరదు. అందుకని మొదటిసారే కాగితాలన్నీ సరిచూసి ఇవ్వండి.

ఏ నెలలో వెళ్లాలి? మనవాళ్లు బడి సెలవులు చూసుకుని ఏప్రిల్ చివర టిక్కెట్లు కొంటారు. ఏప్రిల్ 29 నుంచి మే 5 లోపల అక్కడ పండుగ సెలవులు దగ్గర దగ్గరగా వస్తాయి, గోల్డెన్ వీక్ అంటారు. దేశమంతా రైళ్లలోనే ఉంటుంది. హోటలు ధరలు మండిపోతాయి. దానికి ముందో తర్వాతో పెట్టుకోండి. సకురా, అంటే చెర్రీ పూలు చూడాలంటే టోక్యోలో మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. జూన్‌లో వాన. జూలై, ఆగస్టు ఎండ మనవాళ్లు తట్టుకుంటారని అనుకుంటారు గాని, బెంగళూరు అలవాటైనవారికి ఆ ఉక్క భరించడం కష్టం. నన్నడిగితే మే మధ్యలో గాని, నవంబరులో గాని వెళ్లమంటాను.

ఇప్పుడు మందులు. దయచేసి పెన్ను తీయండి.

ఇక్కడ ఎంతమందికి బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఉన్నాయి? చేతులు ఎత్తనక్కరలేదు, నాకు తెలుసు. డాక్టరు రాసిచ్చిన మందులు ఒక నెలకు సరిపడా తీసుకువెళ్లడానికి ఏ అనుమతీ అక్కరలేదు. చీటీ లేకుండా దుకాణంలో కొనే మందులైతే రెండు నెలలకు. మీలో పిల్లల దగ్గర మూడు నెలలు ఉందామని వెళ్లేవారు ఉన్నారు కదా? మూడు నెలల మాత్రలు పెట్టెలో పెట్టుకుంటారు కదా? అది కుదరదు. నెలకు మించితే ముందే అక్కడి ఆరోగ్య శాఖకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, యున్యు కకునిన్ షో అనే అనుమతి పత్రం తెచ్చుకోవాలి. మీ పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుంటే అయ్యే పని, కాని ప్రయాణానికి ముందు చేయాలి. విమానాశ్రయంలో నిలబడి చేసేది కాదు. మందులన్నీ కంపెనీ అట్టల్లోనే ఉంచండి. మాత్రలు విప్పి డబ్బాల్లో పోసుకోకండి. డాక్టరు చీటీ ఇంగ్లీషులో, కంపెనీ పెట్టిన పేరుతో కాకుండా మందు అసలు పేరుతో రాయించుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. కొన్ని మందులు ముందుగా అనుమతి లేకుండా తీసుకువెళ్లకూడదు, కొన్ని అసలే తీసుకువెళ్లకూడదు. మన దగ్గర దగ్గు మందుల్లో కొన్నింటిలో కోడీన్ ఉంటుంది. అది ఒక శాతం దాటితే అక్కడ మత్తుమందు కింద లెక్క, ముందుగా అనుమతి లేకుండా తీసుకువెళ్లకూడదు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ పది శాతం దాటితే అదీ అనుమతి లేకుండా కుదరదు. ఇక్కడ డాక్టరు రాశాడు కదా అంటే అక్కడ చెల్లదు. ఏకాగ్రత లోపానికి వాడే యాంఫెటమిన్ జాతి మందుల విషయంలో మరీ కఠినం, చీటీ ఉన్నా ఒప్పుకోరు. జలుబు మాత్ర కదా అని పక్క దుకాణంలో పది కొని పడేసుకోవడం మనకు అలవాటు. ఆ అట్ట వెనక చిన్న అక్షరాలు చదివించుకుని, అప్పుడు పెట్టెలో పెట్టండి.

మందులతోపాటు బీమా కూడా. అక్కడి వైద్యం చాలా మంచిది, కాని పర్యాటకులకు ఏ రాయితీ లేదు, పూర్తి ఖర్చు మనదే. పెద్దవాళ్లు పాత జబ్బుల్ని కూడా లెక్కలోకి తీసుకునే బీమాయే తీసుకోండి. నాలుగు వందలు మిగులుతాయని చౌకది తీసుకోకండి.

ఇక పచ్చళ్లు. నవ్వుతున్నారు గాని ఇది నవ్వే విషయం కాదు. ఆవకాయ గట్టిగా మూత బిగించి, రెండు కవర్లు చుట్టి, పెద్ద పెట్టెలో పెట్టుకోండి. గోంగూర పచ్చడి కూడా అంతే. కాని గోంగూర మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసం ఏ రూపంలో ఉన్నా, వండినదైనా, ఎండబెట్టినదైనా, సీసాలో పెట్టినదైనా తీసుకువెళ్లకూడదు. పశువుల జబ్బులు తమ దేశంలోకి రాకుండా పెట్టుకున్న నియమం అది. నరిటాలో సామాను వచ్చేచోట వాసన పట్టే కుక్కలు తిరుగుతుంటాయి. దొరికితే సీసా పోవడంతో అయిపోదు. చట్టంలో మూడేళ్ల దాకా జైలు గాని ముప్పై లక్షల యెన్ దాకా జరిమానా గాని ఉంది. కోడలు గర్భవతిగా ఉంది, నోటికి రుచిగా ఉంటుందని తీసుకువెళ్లే అత్తగార్ల మనసు నాకు అర్థమవుతుంది. ఆ పచ్చడి బదులు కారప్పొడి, కందిపొడి తీసుకువెళ్లండి. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు, పచ్చిమిరపకాయలు కూడా వద్దు. పండ్లకు, కూరగాయలకు, ఆకులకు మొక్కల తనిఖీ పత్రం అడుగుతారు. కరివేపాకు ఎండబెట్టి పొడిలో కలిపేయండి.

ఇప్పుడు అక్కడి తిండి. శాకాహారులు ఈ భాగం శ్రద్ధగా వినాలి. మాంసాహారులకు ఏ కష్టమూ లేదు, వారి గురించి నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు.

హోటలుకు వెళ్లి ‘మాంసం వద్దు, చేప వద్దు’ అంటారు. వాళ్లు మర్యాదగా తలవంచి, ముక్కలు తీసేసి కూరగాయలు పెట్టి తెస్తారు. అయినా ఆ గిన్నెలో చేప ఉంటుంది. ఎలాగ? దాషి అని ఒక రసం ఉంది. ఎండబెట్టిన బోనిటో చేప తురుము, కొంబు అనే సముద్రపు నాచు కలిపి మరిగించి తీసేది. సోయా ముద్దతో చేసే మీసో సూపులో అదే, ఉడాన్, సోబా అనే నూడుల్స్ రసంలో అదే, ఉడికించిన కూరగాయల్లో అదే. మన బజ్జీల్లాంటి కూరగాయల తెంపురా అని తెప్పించుకుంటే పక్కన ముంచుకోవడానికి ఇచ్చే రసంలోనూ అదే. వాళ్లు మనల్ని మోసం చేస్తున్నారా? ఎంతమాత్రం కాదు. మన ఇంట్లో తాలింపు ఎలాగో, వాళ్ల వంటకు దాషి అలాగ. అందులో చేప ఉందని ప్రత్యేకంగా తలచుకోరు. అందుకని మనం అడిగే తీరే మార్చుకోవాలి.

ఒక చీటీ తయారు చేసుకోండి. జపాన్ భాషలో రాయించి, ప్రింటు తీసి, మందపు కాగితం మీద అంటించుకోండి. ‘నేను మాంసం, కోడి, చేప, రొయ్య తినను. గుడ్డు తినను. చేపతో చేసిన దాషి కూడా తినను. కొంబుతో చేసిన దాషి పరవాలేదు. ఉప్పు, పాలు, వెన్న తింటాను.’ ఇంతే. తినగలిగేవి కూడా రాయడం మరిచిపోవద్దు. అది చూస్తే వంటవాడికి ఏదో ఒకటి చేసిపెట్టడానికి దారి దొరుకుతుంది. లేదంటే పాపం మొహమాటపడి క్షమించమని వెనక్కి పంపుతాడు. ఆ చీటీ చూపించి ఉప్పు వేసిన అన్నం, వేయించిన కూరగాయలు తిన్నవారు మన మధ్యే ఉన్నారు.

పూర్తిగా శాకాహారం దొరికే అక్కడి వంటే ఒకటుంది. షోజిన్ ర్యోరి, బౌద్ధ మఠాల వంట. మాంసం, చేప లేవు సరే, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఒసాకాకు దక్షిణాన ఉన్న కోయాసాన్ కొండ మీద మఠాల్లో రాత్రి బస చేస్తే ఆ భోజనం పెడతారు. తెల్లవారి ప్రార్థనకు కూడా కూర్చోవచ్చు. మన ఇళ్లలో నియమంగా ఉండే పెద్దవాళ్లకు నేను గట్టిగా చెబుతాను, టోక్యోలో ఒక రోజు తగ్గించుకుని అయినా కోయాసాన్ వెళ్లండి. టోక్యోలో నిషి కసాయ్ అనే పేట ఉంది. మన దేశం వాళ్లు చాలామంది అక్కడే ఉంటారు, మన పప్పులు, మసాలాలు అమ్మే దుకాణాలు, భోజన హోటళ్లు ఉన్నాయి. బస ఆ దగ్గర చూసుకుంటే సగం దిగులు తీరుతుంది.

వీధి వీధికీ చిన్న దుకాణాలుంటాయి, సెవెన్ ఇలెవెన్, లాసన్, ఫ్యామిలీ మార్ట్. చాలామటుకు రాత్రింబవళ్లు తెరిచి ఉంటాయి. అక్కడ తెల్లన్నం పొట్లాలు, పండ్లు, గింజలు, అజుకి పప్పు తీపి ముద్ద పెట్టిన మోచీ అనే బియ్యపు మిఠాయి దొరుకుతాయి. ఏది కొన్నా ఫోను కెమెరాతో లేబులు చదివించండి. పెరుగులో కొన్ని రకాల్లో జెలటిన్ కలుపుతారు, అది జంతువుల నుంచి తీసేది, అదీ చూసుకోండి. అన్నం పొట్లాన్ని ఆ దుకాణంలోనే వేడి చేయించుకోవచ్చు. దాని మీద మన కందిపొడి, ఆవకాయ ఉంటే ఇంకేం కావాలి?

ఎలక్ట్రిక్ కుక్కరు తీసుకువెళతామని ఎవరో అంటున్నారు. అమ్మా, వద్దు. అక్కడి కరెంటు వంద వోల్టులు. మనది రెండు వందల ముప్పై. మన కుక్కరు అక్కడ సరిగా వేడెక్కదు. పైగా హోటలు గదిలో వంట చేయనివ్వరు. గదుల్లో నీళ్లు కాచుకునే కెటిల్ మామూలుగా ఉంటుంది. వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా, అటుకుల పొట్లాలు తీసుకువెళ్లండి. ఫోను చార్జర్లకు ఇబ్బంది లేదు, రెండు బల్లపరుపు పిన్నుల ప్లగ్గు ఒకటి కొనుక్కోండి చాలు.

మూడోది సామాను, రైళ్లు. ఈ రెండూ కలిపే చెప్పాలి, ఎందుకంటే అక్కడ మనం తిరిగేది రైళ్లలోనే.

షింజుకు స్టేషను పేరు విన్నారా? ప్రపంచంలో అత్యంత రద్దీ స్టేషను. రెండు వందలకు పైగా బయటి దారులు. తప్పు దారిలో బయటికి వస్తే అరగంట నడక. అందుకని ఎక్కడికి వెళ్లినా స్టేషను పేరుతోపాటు ఏ దారిలో బయటికి రావాలో, దాని నంబరో పేరో రాసుకోండి. మెట్లు ఎక్కలేనివారు లిఫ్టు ఉన్న దారిని మ్యాపులో ముందే చూసుకోండి. రోజుకు పది, పదిహేను వేల అడుగులు నడవవలసి వస్తుంది. ఇప్పటినుంచే లాల్‌బాగ్‌లోనో కబ్బన్ పార్కులోనో నడక మొదలుపెట్టండి. కొత్త బూట్లు కొనుక్కుని అక్కడ మొదటిసారి వేసుకోవద్దు. ఇళ్లలో, గుళ్లలో, కొన్ని భోజనశాలల్లో బూట్లు విప్పాలి కాబట్టి తేలికగా విప్పి వేసుకునేవి, చిరుగుల్లేని సాక్సులు చూసుకోండి.

రైళ్లకు సుయికా, పాస్మో అనే కార్డులుంటాయి. ఒకసారి డబ్బు వేసుకుంటే టోక్యోలోనే కాదు, క్యోటో, ఒసాకాల్లో కూడా పనిచేస్తుంది. బస్సుల్లో, దుకాణాల్లో కూడా. పర్యాటకులకు వెల్‌కమ్ సుయికా అని 28 రోజుల కార్డు ఉంది, డిపాజిట్ అడగరు. ఐఫోన్ ఉన్నవారు ఫోనులోనే పెట్టుకోవచ్చు. మన దేశంలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు అది పనిచేయదు, కార్డే తీసుకోండి.

ఒకసారి డబ్బు కట్టి ఇన్ని రోజులని రైళ్లలో ఎన్నిసార్లైనా తిరగనిచ్చే జపాన్ రైల్ పాస్ తప్పకుండా కొనాలని పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది. దాన్ని పట్టుకుని డబ్బు పోగొట్టుకోకండి. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ ధర 29,650 యెన్ నుంచి 50,000 యెన్‌కు పెంచారు. టోక్యో నుంచి క్యోటోకు షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు టిక్కెట్టు ఒక వైపు సుమారు 14,000 యెన్. వెళ్లి రావడానికి 28,000. మరి పాస్ ఎందుకు? వారం రోజుల్లో హిరోషిమా దాటి దూరాలు తిరిగేవారు లెక్క వేసుకుని కొనండి. మిగతావారికి విడి టిక్కెట్లే మేలు. టోక్యో నుంచి క్యోటో వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీటు, అంటే E అక్షరం ఉన్న సీటు అడగండి. ఆకాశం తేటగా ఉంటే ముప్పావు గంటలో ఫుజి పర్వతం కనబడుతుంది.

సామాను మాటకొస్తే, షింకన్‌సెన్‌లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు, టోక్యో, క్యోటో, హిరోషిమా దారిలో, ప్రత్యేకమైన సీటు ముందే తీసుకోవాలి. లేకపోతే వెయ్యి యెన్ కట్టిస్తారు. మనవాళ్ల పెద్ద పెట్టెల్లో కొన్ని ఆ కొలత దాటవచ్చు. ఇంటికి వెళ్లగానే టేపుతో కొలవండి. అసలు పెట్టెలు మోసుకు తిరగడమే అక్కరలేదు. టక్యూబిన్ అనే ఏర్పాటు ఉంది. ఒక హోటలులో పెట్టె అప్పగిస్తే మర్నాటికి ఇంకో ఊరి హోటలుకు చేరుస్తారు. టోక్యో నుంచి క్యోటోకు పెట్టెకు రెండు మూడు వేల యెన్లు. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు చేతి సంచిలో ఉంచుకుని పెద్దది పంపేయండి. పెద్దవాళ్లకు ఈ ఖర్చు పెట్టకపోతే ఇంకెక్కడ పెడతారు?

మొదటిసారికి ఐదారు ఊళ్లు వద్దు. టోక్యో, క్యోటో చాలు. క్యోటో నుంచి నారాకు రైల్లో ముప్పావు గంట, తోదాయ్‌జీ గుడిలో మహాబుద్ధుణ్ణి చూసి సాయంత్రానికి వచ్చేయవచ్చు. ఒక్క రోజు మిగిలితే హిరోషిమాకు ఇవ్వండి. 1945 ఆగస్టు 6న ఏం జరిగిందో మనకు పాఠాల్లో తెలుసు. ఆ శాంతి స్మారక మ్యూజియంలో పిల్లల బట్టలు, ఆగిపోయిన గడియారం చూశాక తెలిసేది వేరు. ప్రవేశం పెద్దలకు 200 యెన్. గంటలో ముగించుకుని రావాలని వెళ్లకండి, సగం రోజు ఉంచుకోండి.

డబ్బు సంగతి. కార్డులు చాలాచోట్ల తీసుకుంటారు, కాని చిన్న భోజనశాలల్లో, గుళ్లలో నగదే. సెవెన్ ఇలెవెన్‌లో, పోస్టాఫీసుల్లో ఉండే ఏటీఎంలలో మన కార్డులు పనిచేస్తాయి. విదేశీ లావాదేవీలు తెరిచి ఉన్నాయో లేదో ఇక్కడి బ్యాంకులో అడిగి వెళ్లండి. ఇక్కడ కూరగాయల బండి దగ్గర చూపించే ఫోను చెల్లింపుల్ని అక్కడ నమ్ముకోకండి. టిప్పు ఇవ్వకండి, మర్చిపోయారనుకుని వెంటపడి తిరిగి ఇస్తారు.

మర్యాదలు నాలుగైదు. రైల్లో ఫోను మాట్లాడకూడదు. ఇది నిజంగా పాటించండి, మన గొంతులు కాస్త పెద్దవి. వీధుల్లో చెత్తబుట్టలు ఉండవు, 1995లో టోక్యో మెట్రోలో విషవాయు దాడి జరిగాక చాలా తీసేశారు. చిన్న సంచి ఒకటి దగ్గర ఉంచుకుని చెత్త గదికి తెచ్చి పారేయండి. టాక్సీ వెనక తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది, లాగకండి. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి, అది చట్టం. గదిలో దాచిరావద్దు.

సరే, ప్రశ్నలు. మూడో వరుసలో అమ్మగారు భూకంపాల గురించి అడుగుతున్నారు. మంచి ప్రశ్న. చిన్న కదలికలు తరచుగా వస్తాయి, కట్టడాలు వాటిని తట్టుకునేలా కట్టినవే. కదలిక వస్తే బయటికి పరుగెత్తకండి. బల్ల కిందికో, అద్దాలకు దూరంగానో జరిగి తలను కాపాడుకోండి. సముద్రతీరంలో ఉంటే మాత్రం కదలిక ఆగగానే ఎత్తైన చోటికి వెళ్లిపోవాలి, ఎవరో చెప్పేదాకా ఆగవద్దు. సేఫ్టీ టిప్స్ అనే యాప్ ఫోనులో పెట్టుకోండి, హెచ్చరికలు ఇంగ్లీషులో వస్తాయి. పోలీసుకు 110, అంబులెన్సుకు 119. పర్యాటకుల కోసం ఇరవై నాలుగు గంటలూ ఇంగ్లీషులో మాట్లాడే నంబరు ఉంది, 050-3816-2787. కాగితం మీద రాసి పాస్‌పోర్టు కవరులో పెట్టుకోండి, ఫోను చార్జింగు అయిపోయినా ఉపయోగపడుతుంది. దానితోపాటు మీ హోటలు పేరు, చిరునామా జపాన్ లిపిలో రాయించుకుని ఉంచండి, టాక్సీ అతనికి చూపించడానికి.

వెనక బాబు చిన్నపిల్లల రైలు టిక్కెట్ల గురించి అడిగాడు. ఆరేళ్లలోపు పిల్లలకు పెద్దల వెంట టిక్కెట్టు అక్కరలేదు, విడిగా సీటు కావాలంటే మాత్రం కొనాలి. ఆరు నుంచి పదకొండేళ్ల దాకా సగం ధర. నగరాల్లో ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, పిల్లల బండితో ఆ సమయంలో ఎక్కకండి. దాషి చీటీ నమూనా కావలసినవారు నా దగ్గర పేరు రాసి వెళ్లండి, పంపుతాను.